ఆటల పరీక్ష కొరకు ఇంటి నెట్‌వర్కు

ఆటల పరీక్ష కొరకు ఇంటి నెట్‌వర్కు అనగా వేరు వేరు కాలాలకు చెందిన, వేరు వేరు ప్రాసెసర్లు, ఆపరేటింగ్ సిస్టములు గల కొన్ని కంప్యూటర్లను ఒకే ఇంటిలో కలిపి, కంప్యూటరు ఆటలు వాటన్నిటిలోను సరిగా నడుస్తున్నాయో లేదో చూడడానికి చేసుకొనే ఏర్పాటు. ఇందులో ముఖ్యమైనది కంప్యూటర్ల సంఖ్య కాదు, వాటి మధ్యనున్న తేడా. ఒకే రకమైన పది కంప్యూటర్లు చూపలేని దోషాన్ని, ఒకదానితో ఒకటి పోలిక లేని మూడు కంప్యూటర్లు కొద్ది నిమిషాలలో బయటపెట్టవచ్చు. ఆటలు తయారుచేసే విద్యార్థులకు, చిన్న బృందాలకు, పాత ఆటలను భద్రపరచాలనుకొనే ఔత్సాహికులకు ఈ ఏర్పాటు ఉపయోగపడుతుంది.

ఎందుకు అవసరం

ఒక ఆటను తయారుచేసిన వ్యక్తి దానిని ముందుగా తన కంప్యూటరులోనే ఆడి చూస్తాడు. ఆ కంప్యూటరులో ఆటకు కావలసిన ఫాంట్లు, డ్రైవర్లు, సహాయక ఫైళ్ళు అన్నీ అప్పటికే ఉంటాయి. కనుక ఆట చక్కగా నడుస్తుంది. అదే ఆటను మరొకరి ఇంటిలోని కంప్యూటరులో వేసినప్పుడు ఒక ఫైలు లేక ఆట తెరుచుకోకపోవచ్చు, లేదా బొమ్మలు నల్లగా కనబడవచ్చు. ఒక్కరే ఆడే ఆటలోని దోషం ఒక్కరికే ఇబ్బంది కలిగిస్తుంది. పలువురు కలిసి ఆడే ఆటలో ఒక్క కంప్యూటరు తడబడినా అందరి ఆట ఆగిపోవచ్చు. పరీక్ష లేకుండా విడుదలైన ఆటలో ఈ లోపాలను కనిపెట్టే భారం డబ్బిచ్చి కొనుక్కున్నవారి మీద పడుతుంది. ఆటగాడి దగ్గర అయితే ఒకే కంప్యూటరు ఉంటుంది కనుక, తప్పు ఆటలో ఉన్నదో తన యంత్రంలో ఉన్నదో తేల్చుకొనే మార్గం అతనికి ఉండదు.

చరిత్ర

నెట్‌వర్కు మీద ఆడే ఆటల చరిత్రలో పరీక్ష ఎంత ముఖ్యమో తెలిపే సంఘటనలు పెక్కు ఉన్నాయి. వాటిలో మూడింటిని ఇక్కడ చూద్దాం.

ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ 1993 డిసెంబరు 10న డూమ్ అనే ఆటను విడుదల చేసింది. దీనిని స్థానిక నెట్‌వర్కు మీద నలుగురు కలిసి ఆడవచ్చు. అయితే తొలి కూర్పు తన సమాచారాన్ని ఆడుతున్న నాలుగు యంత్రాలకు మాత్రమే కాక, నెట్‌వర్కులోని ప్రతి యంత్రానికి ప్రసారం చేసేది. దీనివలన కార్యాలయాలలో, విశ్వవిద్యాలయాలలో ఆటతో సంబంధం లేని కంప్యూటర్లు కూడ మందగించాయి. కొన్నిచోట్ల ఈ ఆటను నిషేధించారు. తరువాతి కూర్పులో ఈ పద్ధతిని సవరించారు. కేవలం ఆడేవారి కంప్యూటర్లనే గమనిస్తే ఇటువంటి దోషం కనబడదు. ఆటలో పాల్గొనని యంత్రం కూడ ఒకటి పరీక్షలో ఉండాలి.

అదే సంస్థ 1996లో విడుదల చేసిన క్వేక్ అనే ఆట స్థానిక నెట్‌వర్కు మీద బాగా నడిచేది. టెలిఫోను మోడెం ద్వారా అంతర్జాలంలో ఆడేవారికి మాత్రం మీట నొక్కిన కొంతసేపటికి గాని తెర మీద కదలిక కనబడేది కాదు. అందువలన అదే సంవత్సరం చివరలో క్వేక్‌వరల్డ్ అనే సవరించిన కూర్పు వచ్చింది. ఇందులో సర్వరు నుండి జవాబు వచ్చేవరకు ఆగకుండా, ఆటగాడి కంప్యూటరు తానే కదలికను ఊహించి చూపుతుంది. జవాబు వచ్చిన తరువాత ఆ ఊహను సరిదిద్దుకొంటుంది. తరువాతి కాలంలో వచ్చిన అనేక ఆటలు ఈ పద్ధతినే అనుసరించాయి.

మూడవది 1997లో ఎన్‌సెంబుల్ స్టూడియోస్ తయారుచేసిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్. ఎనిమిదిమంది వరకు ఆడగల ఈ ఆటలో వందలాది సైనికులు తిరుగుతూ ఉంటారు. ప్రతి సైనికుని స్థానాన్ని మోడెం ద్వారా పంపడం ఆనాడు సాధ్యం కాదు. కనుక ఆటగాళ్ళ ఆజ్ఞలను మాత్రమే పంపి, ప్రతి కంప్యూటరు పూర్తి ఆటను విడిగా లెక్కకట్టుకొనేటట్లు ఏర్పాటు చేశారు. లెక్కలు ఎక్కడైనా వెంట్రుకవాసి తేడా వస్తే ఎవరి ఆట వారిదే అవుతుంది. ఆట నిర్మాతలైన పాల్ బెట్నర్, మార్క్ టెరానో 2001లో వ్రాసిన వ్యాసంలో దీనికి ఒక ఉదాహరణ ఇచ్చారు. పటం తయారైనప్పుడు ఒక జింక నిలిచిన చోటు రెండు కంప్యూటర్లలో కొద్దిగా తేడాగా ఉంటే, కొన్ని నిమిషాల తరువాత ఒక గ్రామస్థుని ఈటె ఒకచోట తగిలి మరొకచోట గురి తప్పుతుంది. దోషం పుట్టినచోటు వేరు, బయటపడినచోటు వేరు కావడం వలన ఇటువంటివాటిని పట్టుకోవడం కష్టం.

కంప్యూటర్ల ఎంపిక

నాలుగైదు కంప్యూటర్లు ఉంటే మంచి పరీక్షాశాల ఏర్పడుతుంది. అన్నీ కొత్తవి కానక్కరలేదు. ఇంటిలో మూల పడిన పాత యంత్రాలే ఇక్కడ ఎక్కువ విలువైనవి. ఎంపికలో ఈ క్రింది తేడాలు ఉండేటట్లు చూసుకోవాలి.

* ప్రాసెసరు: ఇంటెల్, ఏఎండీ రకాలతో బాటు ఏఆర్ఎం రకం ఒకటి ఉండాలి. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు, 2020 నవంబరు నుండి వచ్చిన ఎం శ్రేణి ప్రాసెసర్లు గల ఆపిల్ కంప్యూటర్లు ఏఆర్ఎం రకానికి చెందినవి.
* గ్రాఫిక్స్: విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రం ఒకటి, ప్రాసెసరులోనే గ్రాఫిక్స్ కలిసి ఉన్న సాధారణ ల్యాప్‌టాపు ఒకటి.
* ఆపరేటింగ్ సిస్టం: విండోస్, లినక్స్, మాక్ ఓఎస్.
* తెర: పాత 4:3 నిష్పత్తి గల తెర ఒకటి, 16:9 వెడల్పు తెర ఒకటి. ఆటలోని మీటలు, అంకెలు తెర అంచులకు పోయి దాగుకొనే దోషం దీనివలన తెలుస్తుంది.
* జ్ఞాపకశక్తి, వేగం: ఆట అట్టమీద వ్రాసే కనీస అర్హతకు సరిగ్గా సమానమైన యంత్రం ఒకటి తప్పక ఉండాలి.

ఒకే కంప్యూటరులో వర్చువల్ మెషీన్ పద్ధతి ద్వారా పలు ఆపరేటింగ్ సిస్టములను నడపవచ్చు. స్థాపన, ఫైళ్ళ అమరిక వంటివి చూడడానికి ఇది చాలును. అసలైన గ్రాఫిక్స్ కార్డులో, దాని డ్రైవరులో ఉండే తేడాలు మాత్రం ఇందులో కనబడవు.

కలిపే విధానం

కంప్యూటర్లను కలపడానికి ఒక స్విచ్చి, కొన్ని ఈథర్నెట్ తీగలు చాలు. 1973లో జెరాక్స్ సంస్థ పరిశోధనాశాలలో రూపుదిద్దుకొన్న ఈథర్నెట్ 1983లో 802.3 అనే ప్రమాణంగా వెలువడింది. సాధారణంగా వాడే క్యాట్ 5ఈ తీగలో 4 జతలుగా పేనిన 8 సన్నని తీగలు ఉంటాయి. ఇది 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. సెకనుకు 100 మెగాబిట్ల వేగానికి రెండు జతలు సరిపోతాయి. 1000 మెగాబిట్ల వేగానికి నాలుగు జతలూ కావాలి. కాబట్టి ఒక సన్న తీగ తెగినా కొన్నిసార్లు నెట్‌వర్కు ఆగిపోదు, వేగం మాత్రం పడిపోతుంది. ఇటువంటి తీగ పరీక్ష ఫలితాలను తప్పుదారి పట్టిస్తుంది.

పూర్వం స్విచ్చికి బదులు హబ్ అనే పరికరాన్ని వాడేవారు. హబ్ తనకు వచ్చిన పాకెట్‌ను కలిపి ఉన్న యంత్రాలన్నిటికీ పంపుతుంది. స్విచ్చి ఏ యంత్రం ఏ రంధ్రానికి కలిపి ఉన్నదో గుర్తుంచుకొని, చేరవలసిన యంత్రానికే పంపుతుంది. అందరికీ ఉద్దేశించిన ప్రసార పాకెట్లను మాత్రం స్విచ్చి కూడ అందరికీ పంపక తప్పదు. పైన చెప్పిన డూమ్ సమస్యకు మూలం ఇదే.

ప్రతి కంప్యూటరుకు ఒక ఐపీ చిరునామా కావాలి. ఇళ్ళలో, కార్యాలయాలలో లోపలి వాడకానికి మూడు చిరునామా శ్రేణులను ప్రత్యేకించారు. వాటిలో 192.168తో మొదలయ్యే శ్రేణి ఇళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది. రౌటరు తనంతట తానే చిరునామాలు ఇవ్వగలదు గాని, అవి మారుతూ ఉండవచ్చు. పరీక్షకు వాడే యంత్రాలకు 192.168.1.11, 192.168.1.12 అనే వరుసలో స్థిరమైన చిరునామాలు ఇచ్చి, అదే సంఖ్యను కాగితం మీద వ్రాసి యంత్రానికి అతికిస్తే తికమక ఉండదు.

వై-ఫై ద్వారా కూడ కలపవచ్చు. అయితే 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో పనిచేసే వై-ఫైకి వంటింటిలోని మైక్రోవేవ్ పొయ్యి, పొరుగింటి వై-ఫై అడ్డు తగులుతాయి. ముందు తీగతో పరీక్షించి ఆట సరిగా ఉన్నదని తేలిన తరువాత, వై-ఫైతో మరల పరీక్షించడం సరియైన క్రమం.

కలిపిన తరువాత ఆట మొదలుపెట్టడానికి ముందు ప్రతి యంత్రం నుండి మిగిలినవాటికి పింగ్ ఆజ్ఞతో పలకరించి చూడాలి. తీగల మీద జవాబు సాధారణంగా ఒక మిల్లీసెకను లోపుననే వస్తుంది. జవాబు రాకపోతే మొదట అనుమానించవలసినది ఫైర్‌వాల్. 2004లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్ నుండి విండోస్‌లో ఫైర్‌వాల్ ముందుగానే పనిచేస్తూ ఉంటుంది. దానిని పూర్తిగా ఆపివేయడం కంటె, పరీక్షించే ఆటకు మాత్రమే అనుమతి ఇవ్వడం మంచిది. ఆటగాళ్ళ ఇళ్ళలో కూడ ఫైర్‌వాల్ ఉంటుంది కదా!

తేడాల వలన బయటపడే దోషాలు

వేగం తేడా: ఒక బొమ్మ తెర మారినప్పుడల్లా 5 చుక్కలు జరగాలని ప్రోగ్రాములో వ్రాశారనుకొందాం. సెకనుకు 60 సార్లు తెర మార్చే కంప్యూటరులో అది సెకనుకు 300 చుక్కలు జరుగుతుంది. 30 సార్లు మాత్రమే మార్చగల పాత కంప్యూటరులో 150 చుక్కలే జరుగుతుంది. ఇద్దరూ కలిసి పందెం ఆడితే కొత్త కంప్యూటరు ఉన్నవాడే గెలుస్తాడు. గడచిన కాలాన్ని కొలిచి దాని ప్రకారం జరపడం దీనికి పరిష్కారం.

బైట్ల క్రమం: 258 అనే సంఖ్యను రెండు బైట్లలో వ్రాస్తే అవి 1, 2 అవుతాయి (1 × 256 + 2). కొన్ని ప్రాసెసర్లు పెద్ద భాగాన్ని ముందు దాచుకొంటాయి, కొన్ని చిన్న భాగాన్ని ముందు దాచుకొంటాయి. ఒకటి పంపిన 1, 2 అనే బైట్లను రెండవది తిరగవేసి చదివితే 513 అవుతుంది (2 × 256 + 1). పాత ఆపిల్ కంప్యూటర్లలోని పవర్‌పీసీ ప్రాసెసరుకు, ఇంటెల్ ప్రాసెసరుకు మధ్య ఈ తేడా ఉండేది. ఆపిల్ సంస్థ 2006లో ఇంటెల్ ప్రాసెసర్లకు మారింది. ఇప్పటి ఇళ్ళలోని కంప్యూటర్లు దాదాపు అన్నీ చిన్న భాగాన్ని ముందు దాచుకొనేవే. అందువలన ఈ దోషం నేడు చాలవరకు పాత యంత్రాలను కలిపినప్పుడే కనబడుతుంది.

దశాంశాల తేడా: ఒకటిని మూడుతో భాగిస్తే 0.333... అని అంతం లేకుండా పోతుంది. అదే విధంగా పదవ వంతును ద్విసంఖ్యా పద్ధతిలో వ్రాస్తే అంతం ఉండదు. కంప్యూటరు దానిని ఎక్కడో ఒకచోట తుంచివేయాలి. అందుకే అనేక ప్రోగ్రామింగ్ భాషలలో 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 అని వస్తుంది. ఎక్కడ తుంచాలన్నది ప్రాసెసరును బట్టి, ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలరును బట్టి మారవచ్చు. పాత ఇంటెల్ ప్రాసెసర్ల దశాంశ విభాగం 80 బిట్లతో లెక్కకట్టేది. తరువాత వచ్చిన పద్ధతి 64 బిట్లతో లెక్కకడుతుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ వలె ప్రతి కంప్యూటరు విడిగా లెక్కకట్టుకొనే ఆటలకు ఈ చిన్న తేడా ప్రాణాంతకం. పూర్ణాంకాలతోనే లెక్కలు చేయడం ఒక పరిష్కారం. 2004లో మొదలైన ఓపెన్‌టీటీడీ అనే ఉచిత రవాణా ఆట మరొక కాపలా కూడ పెట్టుకొన్నది. సర్వరు తన యాదృచ్ఛిక సంఖ్యను పంపుతూ ఉంటుంది. అది తన సంఖ్యతో సరిపోకపోతే ఆటగాడి కంప్యూటరు ఆట నుండి విడిపోతుంది.

లిపి తేడా: తెలుగులో ఆటలు తయారుచేసేవారికి ఇది ముఖ్యమైన పరీక్ష. "స్త్రీ" అనే ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాలుగా ఉంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన గుడి. వీటిని కలిపి ఒకే రూపంగా దిద్దే పని ఒక ప్రత్యేక ప్రోగ్రాము చేయాలి. ఆట తన అక్షరాలను తానే గీసుకొంటూ ఆ ప్రోగ్రామును వాడకపోతే, ఒత్తులు విడిపోయి పొల్లులతో కనబడతాయి. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, భారతీయ లిపులకు కావలసిన ఫైళ్ళను విడిగా స్థాపించుకోవలసి వచ్చేది. విస్టా నుండి ఆ అవసరం లేకపోయింది. ఆటల తయారీకి వాడే గోడో అనే ఉచిత సాధనంలో 2023లో వచ్చిన నాలుగవ కూర్పు నుండి ఇటువంటి లిపులకు మద్దతు ఏర్పడింది. తెలుగు ఫాంటు లేని యంత్రం ఒకటి పరీక్షలో ఉంటే, ఆట తన ఫాంటును తనతో తెచ్చుకొన్నదో లేదో వెంటనే తెలుస్తుంది.

ఆలస్యాన్ని పరీక్షించుట

ఇంటి నెట్‌వర్కు అంతర్జాలం కంటె ఎంతో వేగవంతమైనది. పరీక్షకు ఇదే దానిలోని పెద్ద లోపం. కాంతి గాజు తీగలో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాదు నుండి సింగపూరుకు నేరుగా సుమారు 3,300 కిలోమీటర్లు. కనుక తీగ ఎంత సూటిగా వేసినా, పోయి రావడానికి 33 మిల్లీసెకన్లకు తక్కువ పట్టదు. హైదరాబాదు నుండి అమెరికాలోని డల్లస్‌కు 14,000 కిలోమీటర్ల పైచిలుకు. పోయి రావడానికి కనీసం 140 మిల్లీసెకన్లు. అసలు తీగలు వంకరగా పోతాయి, మధ్యలో అనేక రౌటర్లు ఉంటాయి కనుక నిజమైన ఆలస్యం ఇంకా ఎక్కువ. హైదరాబాదులోని తమ్ముడు డల్లస్‌లోని అక్కతో ఆడవలసిన ఆటను ఒకే గదిలో పరీక్షించి బాగున్నదంటే సరిపోదు.

ఈ లోటును కృత్రిమంగా తీర్చవచ్చు. లినక్స్ కెర్నెలులో నెటెమ్ అనే సాధనం ఉన్నది. ఇది పాకెట్లను కావాలని ఆలస్యం చేయగలదు, కొన్నిటిని పారవేయగలదు, వరుస తారుమారు చేయగలదు. రెండు నెట్‌వర్కు కార్డులు గల పాత కంప్యూటరులో లినక్స్ వేసి, దానిని రెండు యంత్రాల నడుమ వారధిగా పెట్టాలి. నెటెమ్ బయటకు పోయే పాకెట్ల మీద పనిచేస్తుంది కాబట్టి, రెండు కార్డులకూ విడివిడిగా ఆజ్ఞ ఇవ్వాలి. ఒక్కొక్క దిశలో 50 మిల్లీసెకన్లు పెడితే రానుపోను 100 అవుతుంది. ఆలస్యాన్ని మెల్లగా 0, 50, 100, 200 మిల్లీసెకన్లుగా పెంచుకొంటూ పోవాలి. తరువాత నూటికి ఒక పాకెట్ పోయేటట్లు, ఆ తరువాత మూడు పోయేటట్లు చేసి ఆట ఏ దశలో చెడుతున్నదో గుర్తించాలి.

పరీక్షించే క్రమం

కంప్యూటర్ల సంఖ్య పెరిగినకొద్దీ జతల సంఖ్య త్వరగా పెరుగుతుంది. 3 కంప్యూటర్లకు 3 జతలు, 4 కంప్యూటర్లకు 6, 5 కంప్యూటర్లకు 10 జతలు ఏర్పడతాయి. ప్రతి జతలోను ఒకసారి ఒకటి, మరొకసారి రెండవది సర్వరుగా ఉండాలి కనుక 5 కంప్యూటర్లకు 20 పరీక్షలు అవుతాయి. అన్నీ ప్రతిరోజూ చేయనక్కరలేదు. ఒకదానికొకటి అతి దూరమైన జతను, ఉదాహరణకు అన్నిటికంటె పాత విండోస్ యంత్రాన్ని, కొత్త ఆపిల్ యంత్రాన్ని, ముందు పరీక్షిస్తే ఎక్కువ దోషాలు త్వరగా దొరుకుతాయి.

పాఠశాల ప్రయోగశాలలో వలెనే ఇక్కడ కూడ ఒకసారికి ఒకే అంశాన్ని మార్చాలి. డ్రైవరును, ఆట కూర్పును ఒకేసారి మారిస్తే, దోషం పోయినా ఎందుకు పోయిందో తెలియదు. ప్రతి పరీక్షకు తేదీ, సమయం, యంత్రం సంఖ్య, ఆపరేటింగ్ సిస్టం, డ్రైవరు కూర్పు, ఆట కూర్పు, మార్చిన అంశం, జరిగినది అనే వివరాలు ఒక పుస్తకంలో వ్రాయాలి. యంత్రాలన్నిటి గడియారాలను ముందుగా సరిచేసి ఉంచితే, ఒక యంత్రంలో నమోదైన దోషాన్ని మరొక యంత్రంలో అదే క్షణాన జరిగినదానితో పోల్చి చూడవచ్చు. దోషం మరల పుట్టించడం చేతనైతే సగం పరిష్కారం దొరికినట్లే.

జాగ్రత్తలు

* భద్రత: విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కి 2025 అక్టోబరులో సాధారణ మద్దతు ముగిసింది. 2017 మే నెలలో వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రాము సవరణలు వేయని విండోస్ యంత్రాలలో నెట్‌వర్కు ద్వారానే వ్యాపించింది. పాత యంత్రాలను అంతర్జాలానికి కలపకుండా విడి స్విచ్చి మీద ఉంచాలి. ఇంటి లెక్కలు, ఛాయాచిత్రాలు ఉన్న కంప్యూటరును పరీక్షకు వాడరాదు.
* పాత ఆటలు: డూమ్ కాలపు ఆటలు ఐపీఎక్స్ అనే నియమావళిని వాడేవి. విండోస్ విస్టా నుండి దానికి మద్దతు లేదు. డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము ఐపీఎక్స్ పాకెట్లను నేటి నెట్‌వర్కు మీదుగా పంపగలదు.
* విద్యుత్తు: ఒక్కొక్కటి 200 వాట్లు తీసుకొనే 5 కంప్యూటర్లు కలిసి 1,000 వాట్లు, అనగా గంటకు ఒక యూనిట్ వాడతాయి. వీటన్నిటిని ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించరాదు. ఎర్తింగ్ తప్పనిసరి.
* అనుమతులు: ఒక ప్రతిని ఎన్ని కంప్యూటర్లలో వేయవచ్చునో ఆట లైసెన్సులో చూసుకోవాలి. ఓపెన్‌టీటీడీ, ఫ్రీసివ్ వంటి స్వేచ్ఛా ఆటలకు ఈ చిక్కు లేదు. వాటి మూల ప్రోగ్రాము కూడ అందుబాటులో ఉండడం వలన విద్యార్థులు నేర్చుకోవడానికి అనువైనవి.

పరిమితులు

లోకంలో వాడుకలో ఉన్న గ్రాఫిక్స్ కార్డులు, డ్రైవర్లు లెక్కకు మిక్కిలి. ఇంటిలోని ఐదు కంప్యూటర్లు వాటికి ఒక చిన్న నమూనా మాత్రమే. అంతే కాక ఇంటిలోని యంత్రాలన్నీ ఒకే రౌటరు వెనుక ఉంటాయి. నిజమైన ఆటగాళ్ళు ఎవరి రౌటరు వెనుక వారు ఉంటారు కనుక, ఒకరి యంత్రం మరొకరి యంత్రాన్ని కనుగొనడంలో వచ్చే సమస్యలు ఇక్కడ కనబడవు. ఒక యంత్రాన్ని సెల్‌ఫోను ద్వారా అంతర్జాలానికి కలిపి ఈ పరీక్షను కొంతవరకు చేయవచ్చు. ఇంటిలో నెగ్గిన ఆట అందరి ఇళ్ళలోను నెగ్గుతుందని చెప్పలేము. ఇంటిలోనే ఓడిన ఆటను మాత్రం బయటకు పంపకుండా ఆపవచ్చు. ఈ ఏర్పాటు వలన కలిగే ముఖ్య ప్రయోజనం ఇదే.

ఇవి కూడా చూడండి

* కంప్యూటరు నెట్‌వర్కు
* ఈథర్నెట్
* ఐపీ చిరునామా
* యూనికోడ్
* రాస్ప్‌బెర్రీ పై